నల్లగీత

మిడిల్స్‌బరోలో ఏడుంబావుకి బస్సెక్కాం.
మందుల షాపు వాళ్ళం పదకొండు మందిమి,
పక్క బేకరీ నుంచి నలుగురు.
డబ్బాలో నా పులిహోర,
సంచీ అడుగున నా మూడో రోజు.

టికెట్టు కొన్నది ఫిబ్రవరిలో.
లెక్క చూసుకోలేదు, చూసుకోవాలనీ తట్టలేదు.
పుణ్యక్షేత్రం అన్న మాట
ఊరు దాటాక గైడు మైకులోంచి వచ్చింది.
అప్పుడు కాళ్ళు దగ్గరికి లాక్కున్నాను,
ఎవరికో తగులుతానన్నట్టు.

అక్కడైతే ఈపాటికి మాత్ర మింగి ఉండేదాన్ని.
ఇక్కడ వారానికి ముగ్గురికైనా ఇస్తుంటాను అదే మాత్ర,
స్పెయిన్ సముద్రంలో ఈతకెళ్ళే వాళ్ళకి.
మా పిన్నత్త శ్రీశైలానికి వేసుకునేది.
రోజుకి మూడు, భోంచేశాక.
ఇద్దరికీ ఒకటే చీటీ.

డర్హమ్.
నది కొండ చుట్టూ మూడొంతులు తిరిగి
ముడెయ్యడం మర్చిపోయినట్టు వెళ్ళిపోయింది.
గైడు డోరీన్‌కి డెబ్బై దాటాయి,
గని కూలీ కూతురు, పసుపు గొడుగు.
తలుపు మీద కంచు మొహం చూపించింది,
నోట్లో కడియం.
మనిషిని చంపి వచ్చినవాడైనా సరే
ఇది పట్టుకుంటే ముప్పై ఏడు రోజులు
ఎవరూ ముట్టుకోకూడదట.
ముట్టుకోకూడదు అంటే
ఇక్కడ అభయమని అర్థం.

తర్వాత ఆవు కథ.
సాధువు శవపేటికని మోసుకుంటూ
ఏళ్ళ తరబడి తిరిగారట సన్యాసులు.
ఎక్కడ దించాలో కలలో తెలిసిందిగానీ
ఆ చోటు ఎటో తెలియలేదు.
అప్పుడొక పాలమ్మాయి
తప్పిపోయిన కపిల ఆవుని వెతుక్కుంటూ వచ్చింది.
ఇంకో అమ్మాయి అటు అని చెయ్యి చూపింది.
వీళ్ళు పేటికెత్తుకుని వెనకాలే నడిచారు.
అలా వెలిసిందమ్మా ఈ ఊరు అంది డోరీన్.
నాకు మా పుట్టలూ పాలు కార్చే ఆవులూ
గుర్తొచ్చి నవ్వొచ్చింది.

లోపల, నాలుగడుగులు వేశామో లేదో
గొడుగు మొనతో నేల చూపించింది.
నల్లరాతి గీత, ఈ గోడ నుంచి ఆ గోడకి.
"ఒకప్పుడు ఆడవాళ్ళు ఇక్కడి దాకానే."
ఫోన్లు బయటికొచ్చాయి.
బేకరీ దనూటా తొక్కుడుబిళ్ళలా
ఒంటికాలి మీద అటు గెంతి ఇటు గెంతింది.
అందరూ చప్పట్లు.

నేను ఆగిపోయాను.
ఆపిన వాళ్ళెవరూ లేరు.
పూజారి లేడు, బోర్డు లేదు,
"అమ్మాయ్, నువ్వు బయట కదా" అనే
గొంతు ఒక్కటి నా దగ్గరే ఉంది,
ఐదువేల మైళ్ళు పాడవకుండా
పచ్చడి జాడీలా తెచ్చుకున్నాను.

వంగి చూశాను.
నల్లటి రాతిలో తెల్లగా చుక్కలు, మెలికలు.
పగడాలట.
సాధువు కన్నా, ఆవు కన్నా ముందు
ఇక్కడంతా వెచ్చటి సముద్రమట.
ఎవర్ని ఆపాలో వాటికేం తెలుసు.

ఇక్కడ నేను గొప్పగా అడుగేశానని రాయాలి.
నిజం చెప్తాను:
కడుపులో మెలి తిప్పింది.
బాత్రూం ఎటు అని అడిగాను.
గీత దాటి, కుడివైపు తలుపు, వరండా చివర
అంది డోరీన్.
పరిగెత్తాను.

తిరిగొచ్చి సాధువు దగ్గర కూర్చున్నాను.
నేలమీద ఒక రాయి, రాతి మీద ఒక పేరు, అంతే.
ఏం కోరుకోవాలో తెలియలేదు.
చేతులకి ఇంకా సబ్బు వాసన.

సాయంత్రం బస్సు మెట్టు దగ్గర అడిగాను:
"ఇంతకీ ఆ పిల్లకి ఆవు దొరికిందా?"
డోరీన్ గొడుగు మూస్తూ ఆగింది.
ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నాను, అంది,
ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

బస్సు కదిలింది.
దనూటా వెనక్కి తిరిగి
ఆ పసుపు అన్నం ఇంకా ఉందా అంది.
డబ్బా ఇచ్చేశాను.
కిటికీలో పొలాలు, గొర్రెలు, చీకటి పడుతోంది,
దూరంగా ఒక ఆవు
ఎవరిదో.