వారానికి ఎన్ని?

మంగళవారం కాలేయం క్లినిక్.
గ్రిమ్స్‌బీ రేవు మీంచి వచ్చే గాలికి
కారిడార్‌లో చేపల వాసనా హ్యాండ్ జెల్ వాసనా
ఒకదాన్నొకటి ఒరుసుకుంటుంటాయి.
నా చేతిలో పది ప్రశ్నల కాగితం.
మొదటిది మాత్రం కాగితం చూడకుండా అడుగుతాను:
వారానికి ఎన్ని?

ట్రెవర్ బ్లాంచర్డ్, డెబ్బై ఒకటి.
ఒకప్పుడు ఐస్‌లాండ్ దాకా వెళ్లి వలలు లాగినవాడు.
కుర్చీలో కూర్చోకముందే లెక్క అప్పజెప్పాడు.
శుక్రవారం ఎనిమిది పైంట్లు, శనివారం పది,
ఆదివారం దేవుడి రోజు కాబట్టి ఆరు.
ఒకటో రెండో కలిపే చెప్పి ఉంటాడు.
ఆయన తరం మగవాళ్లకి తాగుడు కూడా పట్టిన చేపే,
చేతులు చాపి మరీ కొలత చూపిస్తారు.
ఇప్పుడా పబ్బు తలుపుకి ప్లైవుడ్ కొట్టేశారట.
"పక్కన కూర్చునేవాడు లేడమ్మా,
సోఫా ఒక్కటే మిగిలింది" అన్నాడు.
అన్నాక నవ్వలేదు.

ఆడవాళ్ల జవాబు "ఒక్క"తో మొదలవుతుంది.
ఒక్క గ్లాసు. పిల్లలు పడుకున్నాక, ఒక్కటే.
ఎంత గ్లాసని అడగను,
బొమ్మలు చూపిస్తాను: చిన్నది, మధ్యది, పెద్దది.
వేలు చిన్నదాని మీద ఆగుతుంది.
కళ్లు పెద్దదాని మీద.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది
ఈ గదినిండా టోపీలు, ఊతకర్రలు, గుర్రప్పందేల పేపర్లు.
ఇప్పుడు లాప్‌టాప్ సంచులు,
మెడలో బడి గుర్తింపు కార్డులు,
పేరంటానికి వచ్చినట్టు వరసగా పసుపు ముఖాలు.
పూసుకున్న పసుపు కాదు,
లోపల్నించి పొంగింది.
మగవాళ్లు తగ్గారా అని అడిగింది కొత్త డాక్టరు.
లేదు, కుర్చీలు పెంచాం అన్నాను.

తల్లిని దింపడానికి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్ల
"నేను అసలు ముట్టను" అంటుంది, అడక్కుండానే.
ఆ మాట అన్నంతసేపూ
తల్లి వైపు మాత్రం చూడదు.

తొంభై రెండులో నాకు ఎనిమిదేళ్లు.
కొంగు నడుముకి బిగించి మా అమ్మ
సారా కొట్టు ముందు బైఠాయించిన ఆడవాళ్లలో మూడో వరస.
ప్యాకెట్లు కుప్పపోసి అంటించారు.
ప్లాస్టిక్ ముడుచుకుంటూ చిటపటమంది,
మంట కింద నీలం, పైన పసుపు.
ఇంటికొచ్చి మోచేతుల దాకా కడుక్కుంటూ
"తాగేది వాళ్లు, కక్కు ఎత్తేది మనం" అంది.
వాళ్లంటే ఎవరో, మనమంటే ఎవరో
అప్పుడు ఎంత తేలిగ్గా తెలిసేది!

బ్రయొనీ స్కెల్టన్, నలభై నాలుగు, నాలుగో తరగతి టీచరు.
మూడుసార్లు చిన్న గ్లాసు చూపించి
నాలుగోసారి కాగితం తిప్పేసింది.
"సీసాతో లెక్కపెట్టండి" అంది మెల్లగా.
గురువారం పొద్దున గాజు బండి వస్తుంది కదా,
డబ్బా ఎత్తి వంచగానే వీధంతా మోగుతుంది కదా,
అందుకని ఒక్కో సీసానీ టీ టవల్‌లో చుట్టి
ముందురోజు రాత్రే
ఎదురింటి ముసలాయన డబ్బాలో పెట్టి వస్తుందట.
"ఆయన ఏమీ అనుకోడు, మగవాడు కదా" అంది.
ఇద్దరం నవ్వాం, నవ్వకూడదు గానీ.
"మరి మీరు?" అంది.
పదకొండేళ్లలో ఎవరూ నన్నడగలేదు.
ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నట్టు
అటు తిరిగాను.

ఆమె చెప్పినదాంట్లో
పద్నాలుగు దాటిన యూనిట్లే రాశాను.
టవల్ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

బుధవారం రాత్రి పదకొండు.
వాన పడి ఆగింది, వీధిలో ఎవరూ లేరు.
స్టీలు గ్లాసు కడిగి బోర్లించాను.
అందులో ఏం పోసినా
బయటికి కాఫీలాగే ఉంటుంది.
సింకు కింద అరలో చెయ్యి పెట్టి వెతుకుతున్నాను,
నీలిగళ్ల టవల్ ఒకటి ఉండాలి,
మందంగా ఉండేది.