శుక్రవారం ముట్టుకోగాకండి

ఇబ్లూరు జంక్షన్లో క్యాబ్ ఆగి ఇరవై నిమిషాలు.
ముందున్న నీళ్ళ ట్యాంకర్‌కి మూత సరిగ్గా పడలేదు,
కదిలినప్పుడల్లా ఏ ఊరి బోరు నీళ్ళో
రోడ్డు మీదికి ఒక దోసెడు తొణుకుతున్నాయి.
నేను ఫోన్లో మా పరిశ్రమ వార్తలు చదువుకుంటున్నాను.

ఎవరో ఎనిమిది వందల మందిని సర్దుబాటు చేశారట.
సర్దుబాటు.
బీరువాలో చీరలు మడతపెట్టినట్టు.
ఉద్యోగం తీసేశామని చెప్పడానికి
మావాళ్ళకి ఏటా ఒక కొత్త మాట కావాలి,
పాత మాటకి అప్పటికే నొప్పి అంటుకుని ఉంటుంది గనక.

ఇంకెవరో మబ్బుల్లోకి ఎక్కించిన సామానంతా
మళ్ళీ నేలకి దించుకుంటున్నారట, అద్దె కట్టలేక.
ఎక్కించిన ఏడాది మా ఆఫీసులో కేకు కోశాం.
దించేటప్పుడూ కోస్తాం.
ఎత్తడమైనా దించడమైనా హమాలీకి మూట మూటే.

ఇకపై కోడ్ మనుషులు రాయనక్కర్లేదు, అని మరొకటి.
నేను చేరిన సంవత్సరం నుంచీ ఈ వార్త వస్తూనే ఉంది,
వచ్చిన ప్రతిసారీ ఎవరిదో చొక్కా ఎరువు తెచ్చుకుని.
ఈసారి మాత్రం చొక్కా దానికి సరిపోయింది.
గుండీలు కూడా పడుతున్నాయి.

"ఏం సార్, మీలో మీరే నవ్వుకుంటా ఉండారు?"
నంజుండప్పది ముళబాగిలు తెలుగు,
మధ్యమధ్య కన్నడం ఉప్పుకల్లులా పంటికి తగులుతుంది.
"మా యాప్‌లో కూడా కొత్తది వచ్చింది సార్.
గంటకోసారి నా మొకం చూపించల్ల.
కునుకు తీస్తున్నానా అని చూస్తుందంట.
పద్నాలుగు గంటలు తిప్పేదీ అదే,
నిద్ర వస్తోందా నాయనా అని అడిగేదీ అదే."

ఆ రెప్పలు లెక్కపెట్టే పని
పోయినేడు మా టీముదే.
రెప్ప ఎంతసేపు వాలితే నిద్ర,
ఎంతసేపు వాలితే కంట్లో నలక,
నలభై మంది కళ్ళ వీడియోలు ముందేసుకుని
నేనూ రుక్సానా మూడు వారాలు కొట్లాడుకున్నాం.
ఒక పూట బిరియానీ పందెం కూడా కాశాం.
చెబుదామనే నోరు తెరిచాను.
ట్యాంకర్ కదిలింది.

ఆఫీసు చేరేసరికి పదకొండు.
కొత్త అసిస్టెంటు, మనిషి కాదు లెండి,
రాత్రంతా మా పాత కోడ్ చదివి సిద్ధంగా కూర్చుంది.
వడ్డీ లెక్కల ఫైల్లో, రెండు వేల పదమూడు నాటి ఒక మూల,
ఓబుళేసు రాసిపెట్టిన వాక్యం, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
దీన్ని ముట్టుకోగాకండి. శుక్రవారమైతే అసలే ముట్టుకోగాకండి.

అది భాష పసిగట్టింది. అర్థం చెప్పింది.
అనంతపురం వైపు యాస కావచ్చని కూడా అంది, మర్యాదగా.
కారణం మాత్రం ఎక్కడా కనబడలేదట.
తొలగించమంటారా?

ఈ వాక్యం రాశాక
మేనేజర్లు ఆరుగురు మారారు, కంపెనీ పేరు రెండుసార్లు మారింది,
గోడలు నీలం నుంచి నారింజకెళ్ళి మళ్ళీ నీలానికొచ్చాయి.
దీన్నెవరూ ముట్టుకోలేదు.
చదివినవాళ్ళు ఒకసారి క్యాలెండర్ వంక చూసి
మెల్లిగా ఫైలు మూసేసేవాళ్ళు.
నేనూ చూశాను. శుక్రవారమే.

ఓబుళేసు ఇప్పుడు హోసకోటె అవతల
జామతోట కౌలుకి చేస్తున్నాడు.
మెసేజ్ పెట్టాను: ఏందిరా ఆ శుక్రవారం కథ?
మధ్యాహ్నం దాకా టిక్కులు బూడిదరంగు వదల్లేదు.
సాయంత్రం ఒక ఫోటో వచ్చింది, గంపనిండా కాయలు,
పైనున్నదాన్ని చిలక కొట్టింది.
దాని కింద:

"ఏమో రా, మర్చిపోయినా.
ఏదో ఉండె.
ముట్టుకోగాకు."