ఆరూ పదమూడు

నర్సరీ ఆరింటికి మూస్తారు.
డిసెంబరు సండర్లాండ్‌లో నాలుగింటికే చీకటి.

వార్డులో ఆఖరి పేషెంటు నా చెయ్యి వదల్లేదు.
వదిలించుకున్నాను. ఇవాళ
నేర్పుగా చేసిన పని అదొక్కటే.

గాజు తలుపు వెనక మేదిని,
కోటు జిప్పు గడ్డందాకా లాక్కుని, ఒక్కతే,
ఎవరి బొమ్మనో నిద్రపుచ్చుతోంది:
"వస్తుందిలే అమ్మ. బ్లీప్ మోగింది, అంతే."

లిండ్సే ఏమీ అనదు.
పుస్తకం తిప్పి నా ముందుకు జరుపుతుంది.
రెండో ఫోన్ నంబరు దగ్గర ఎప్పటి గీతే.
ఆరూ పదమూడు. కారణం?
మధ్యాహ్నం ఒక మరణపత్రంలో
ఆ గడి తడుముకోకుండా నింపాను.
ఇక్కడ పెన్ను ఆగింది.

బస్సులో నా మెడ వాసన చూసి
"ఆస్పత్రి" అంది.
కాసేపాగి, ఇంకా లోపలికి ముఖం దూర్చి,
"ఇదిగో, ఇక్కడ కొంచెం నువ్వు."