పాల లెక్క

కందుకూరులో మా వంటింటి తలుపు వెనక
బొగ్గు గీతలు.
నిలువుగా నాలుగు, అడ్డంగా ఒకటి,
మాలకొండమ్మ పోసిన పాలు.
ఆమె గేదె ఈనిన వారమంతా సున్నాలు.

రంగులేసే కుర్రోడు అడిగాడు
"కొట్టేద్దునా అక్కా?"
కొట్టెయ్యమంది అత్త.

కింద, బియ్యం డబ్బా చాటున
ఇంకో వరస,
కత్తిపీట మొనతో గీకినవి,
పదిహేడు.

"ఇవెవరి పాలు అత్తా?"

"పాలు కాదు మే.
మీ మామ నాతో మాట్లాడని రోజులు.
దోసకాయ పప్పులో ఉప్పెక్కువైందని."

పద్దెనిమిదో నాడు?

"అసలు ఉప్పే వెయ్యలా.
నోరు తెరిచి అడిగాడు."

వసారాలో మామ దగ్గాడు.

అత్త కొంగుతో ఆ గీతల దుమ్ము తుడిచి
"ఈ మేర రంగెయ్యొద్దు అబ్బయ్యా" అంది.
డబ్బా మళ్లీ అడ్డం జరిపింది.