దగ్గు సంగతి

కరెంటు పోయింది. కొత్తవాడ మొత్తం
మరమగ్గాలు ఒక్కసారే నోరు మూసుకున్నాయి.
ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకం
కందిలి ముందర పెట్టుకొని గట్టిగా చదువుతున్నాను:
ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో
యూదులను పొరుగింటివాళ్ళు
గోడకీ గోడకీ నడుమ దాచారని,
రెండేళ్ళు దాచారని.

కండెలు చుడుతున్న భూలచ్చవ్వ
రాట్నం ఆపి అడిగింది:
"దగ్గస్తే ఏం జేసిన్రట?"

వెతికాను.
సంవత్సరాలున్నాయి. లక్షల పక్కన లక్షలున్నాయి.
దగ్గు లేదు.

"రాసినోనికి తెల్వదు మరి" అంది.
రాట్నం మళ్ళీ తిప్పలేదు.

పోలీసు యాక్షనైన ఏడు. పెత్రమాస ఇంక రాలె.
మొన్నటిదాకా మేం ఉరికిన బజార్ల
ఇప్పుడు వాళ్ళు ఉరుకుతున్నరు.
నడిజాముల పెరటి తలుపు గీకిన సప్పుడు.
కుక్క అనుకున్న.
చాంద్బీ. సంకల మదారు, ఆరేండ్లోడు.
దర్జీ ఖాజామియా ఏడబోయిండో ఆమెకే ఎర్కలేదు.

అబద్ధమెందుకు బిడ్డా,
ముందుగాల నాకు యాదికొచ్చింది వేరే.
నిరుడు రజాకార్లు మీ తాతను గుంజకపోయిన్నాడు
ఇదే చాంద్బీ తలుపు సందులకెల్లి సూసి
గడియ పెట్టుకున్నది.
ఆ గడియ సప్పుడు నా చెవుల్నే ఉన్నది.
ఉన్నా, చెయ్యి నా మాట ఇనలె.
మా గడియ తీసింది.

మీ తాత అప్పటికి నడుం లేవనోడు.
మంచంల పండి గోడ దిక్కు తిరిగిండు.
వద్దనలె. సరేననలె.

మగ్గం గుంత ఎంతుంటది?
ఒక మనిషి కాళ్ళు పట్టేంత.
వానలకు అడుగున ఊట, చీలమండల దాకా.
అండ్ల తల్లీ కొడుకూ.
పిల్లగానికి కోరింత దగ్గు.

అప్పటిదాకా నేను కండెలు చుట్టిందే గని
మగ్గమెక్కింది లేదు.
ఆ రాత్రి కూసున్న.
కాళ్ళు గుంతల పెడితే వాని తల తగిలింది,
పెనం లెక్క కాలుతున్నది.
నాడె ఇటు ఇసిరితే అటు పడ్డది.
పోగులు తెగుతున్నయ్, అతుకుడు రాదు.
దగ్గొచ్చే ముందు వాడు నా పిక్క పట్టుకునేటోడు.
పట్టుకోంగనే పలక గుద్దేదాన్ని.
దబ్. దబ్బు దబ్.

"ఎవలింట్లరా ఈ యాల్ల మగ్గం?"
"మొండయ్య పెండ్లాం. మొగడు పడ్డడు గద, బుక్కెడు బువ్వకు."
కట్టెలు రాళ్ళకు తాకుకుంట పోయినయ్.

పదకొండు రాత్రులు.
నేను నేసిన జంపఖానా సూసి సావుకారి నవ్విండు:
ఒక జాగల రేకు లెక్క బిర్రు,
ఒక జాగల జల్లెడ.
కూలి సగం కోసిండు.
చాంద్బీ దాసుమని ఇచ్చిన వెండి కడియాల్ల
ఒకటమ్మి జొన్నలు తెచ్చిన.
రెండోది వాపసిచ్చిన.
మొదటిది ఆమె అడగలె, నేను చెప్పలె.
గడియ సంగతీ ఎవ్వరం ఎత్తలె.

పన్నెండో నాడు
మిల్ట్రీ దిగింది, ఇగ భయం లేదని టముకేసిన్రు.
మదారు వాకిట్లకొచ్చిండు.
పాదాలు నానీ నానీ తెల్లగ, ముడుతలు ముడుతలు.
ఎండకు కండ్లు చికిలించి,
నా దిక్కు సూసి,
నోటినిండ దగ్గిండు.

నా చెయ్యి ఉత్తగనే లేచింది,
పలక కోసం.