ముందరి కాళ్లు

షెడ్డు దేవరకొండ దాటినంక, డిండి రోడ్డుకు,
వే బ్రిడ్జి పక్కపొంటి.
ఫైబరు ఒళ్లు డీసీఎంలకెల్లి దించినప్పుడు
నలుగురు పిలగాండ్లు చేతుల మీదనే మోసిండ్రు,
ఖాళీ గాబు మోసినట్టు.
అరవై ఏండ్ల కిందటి సీమ కారుకు అచ్చుగుద్దిన నకలు.
లోపల ఏం లేదు.

రిటైరైన పైసలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది
పశువుల డాక్టరు రమావత్ సుగుణ.
"ఇది నడవాలె మైసయ్యా. చూపెట్టుకునేందుకు కాదు.
చందంపేట రోడ్డు మీద నడవాలె."
చందంపేట రోడ్డు అనంగనే నేను నవ్విన.
ఆమె నవ్వలే.

ఇంజను సంగతి ఎవడన్నా మాట్లాడుతడు.
బండి గుణం ముందరి రెండు గీరల కాడ బయటపడతది.
స్క్రాపు కుప్పలకెల్లి నాలుగు రకాలు ఏరి
గోనెపట్ట మీద పరిచిన.

జీపుది, మొద్దు ఇరుసు, కమాన్ పట్టీలు.
సావదు అది. కాని ఒక గీర రాయెక్కితె
రెండోది ఉలిక్కిపడతది,
ఒక్క కాడికి కట్టిన కోడెల లెక్క.

మారుతి స్ట్రట్ నిలబెడితె ఇర్ఫాన్ టేపు పట్టిండు.
బానెట్టు దాటి జానెడు పైకొచ్చింది,
కొమ్ము మొలిచినట్టు.
"కోద్దామా ఉస్తాద్?"
ఏం కోస్తవ్‌రా, ఆ వంపునా?
ఆ వంపు కోసమే గద ఆమె పైసలు.

అంబాసిడర్‌ది మెలితిరిగే కడ్డీ.
మెత్తటిది, మర్యాదది,
కాని సీటు కిందిదాంక కాళ్లు చాపుకొని పండుతది.
ఈ పొట్టి ఛాసిస్‌ల దానికి జాగ ఏది?

ఇగ పాత పద్మినిది.
పైనొక రెక్క, కిందొక రెక్క, నడుమ స్ప్రింగు.
బానెట్టు కింద ఒదిగి కూసుంటది.
ఈ గీర కష్టం ఆ గీరకు చెప్పదు.
గ్రీసు మాత్రం తప్పొద్దు, తప్పితె కింగ్‌పిన్ అలుగుతది.
బుష్షులు ఎక్కడా దొరకయి,
నల్లగొండ గడియారం కాడ ఒక్క ముసలాయన
లేతు మీద తిప్పిస్తడు, ఆయన మూడ్ బాగుంటె.

సుగుణమ్మ చెప్పులిడిచి గోనెపట్ట మీద కూసున్నది.
"ఎద్దుకు ముందరి కాలు ఒంటికి ఎట్ల అతుకుతదో ఎరుకనా?"
ఎముకతోని, అన్న.
"కాదు. మనకు మెడ కింద ఉండే ఎముక దానికి లేదు.
రెండు జబ్బల నడుమ ఎదంత
కండల ఉయ్యాలల ఏలాడుతది.
దుక్కిల పెడ్డ మీద పెడ్డ తొక్కినా
తల అదరనిది అందుకే."

నేను నా మోకాళ్లను చూసుకున్న.
మర్రిగూడ బోరు నీళ్లు తాగిన మోకాళ్లు.
ఏడో తరగతి నుంచి బిగుసుకుంట, బిగుసుకుంట
ఇప్పుడు మొద్దు ఇరుసే.
గొంతుక్కూసోరాదు, బండి కిందికి పండుకొనే పోత.
ఆమె చూసింది. ఏమనలే.
పద్మిని కింది రెక్క చేతులకు తీసుకొని
దూడ కాలు పట్టినట్టు మడిచింది, చాపింది.
"ఇదే ఎయ్యి."

నడిమి దూలం రెండంగుళాలు కోసి అతికిన,
రెక్కల జోలికి పోలే.
ఒళ్లు తేలిక, స్ప్రింగు బలిసింది,
ముక్కు ఆకాశానికి లేచింది.
ఒక చుట్టు కోద్దామన్నడు ఇర్ఫాన్.
కోస్తె పొట్టిగైతది గని మెత్తగ కాదు పోరడా,
ఇంకింత మొండికేస్తది.
సన్న తీగెది కొత్తది చుట్టిచ్చిన. పదకొండు రోజులు.

ఆమె వచ్చి ముక్కు మీద అరచెయ్యి పెట్టి ఒత్తింది.
దిగింది, లేచింది, ఆగింది.
రెండోసారి ఊగలే.

చందంపేట రోడ్డు. నేను పక్క సీట్ల.
నేలకు అంగుళాల ఎత్తున కాళ్లు బార్లా చాపుకొని.
నలభై ఆరేండ్లకు నా మోకాళ్లకు సరిపోయిన కుర్చీ
సీమోడు ఎవడో ఎవనికోసమో గీసింది.

మూడో గుట్ట మలుపుకు ఎడమ దిక్కు టక్కుమన్నది.
బుష్షా? నట్టా? రాయా?
బందు చెయ్యమన్న.
మేకలు రోడ్డు దాటుతున్నయి.
ఆమె వాటి ముందరి కాళ్లే చూస్తున్నది.
నల్లదానికి కుంటున్నదని తలుపు తీసి దిగిపోయింది.

నేను తల వంచి, చెవి కిందికి పెట్టి కూసున్న.
ఆగిన బండి ఏం చెప్తది.
మేకల గిట్టలు మాత్రం
టకటకటక.