కొలత

మంగళవారాలు కవిటి దాటి ఈ సందులోకి వస్తాను,
బండి హేండిలుకి మందుల సంచీ, పక్కింట్లో జీడిపిక్కలు కాలుస్తున్న పొగ.

సున్నం గోడ మీద దాలమ్మ బొగ్గు గీతలు.
గీతకో చిన్న గ్లాసు నీళ్లు.
రోజుకి ఎనిమిది. దాటితే రాత్రి ఊపిరాడదు.
నాలుగేళ్ల గోడ అది.

తవిటయ్య కొబ్బరి చెట్లెక్కి బతికినవాడు.
"నాను దింపిన కాయలు ఊరంతా తాగింది,
నాకే నిషేదం" అని నవ్వేవాడు.

పోయిన వారం సోంపేట ఆటో ఎక్కనన్నాడు.
"సాలమ్మా. ఆ మిసను కాడికి నన్నింక తిప్పకండి."
కాళ్ల వాపు నొక్కి చూశాను.
నాలుక కింద మందు చుక్కలెలా వెయ్యాలో
దాలమ్మ వేళ్లకి నేర్పాను.

గుమ్మం దాకా వచ్చి అడిగింది:
"బొండాం అడుగుతన్నాడు. ఇవ్వొచ్చేటి?"

ఇన్నేళ్లూ ఆ ప్రశ్నకి నా జవాబు నోటికొచ్చు.
"ఇవ్వమ్మా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది.
ఇంకేమీ అడగలేదు.
కొంగుతో చేతులు తుడుచుకుని
మేనల్లుణ్ణి కేకేసింది, "ఒరే పోలిగా, చెట్టెక్కరా."

చెంచాతో రెండు గుక్కలు.
మూడోది గడ్డం మీదుగా జారింది.
తవిటయ్య కళ్లు మూసుకునే చప్పరించాడు:
"దొడ్డెనక మూడో చెట్టుది.
తొందరపడి దించీసినారు.
ఇంకో నాలుగు దినాలుంచితే తీపెక్కును."

అలవాటుకొద్దీ బొగ్గుముక్క తీసి
గోడ దగ్గర ఆగింది దాలమ్మ.
"దీనికెన్ని గీతలమ్మా?"

బొండాంలో
ఇంకా సగం ఉంది.